చీమ ఉపమానమా? ప్రమాణమా? – మార్గనిర్ణయ అల్గోరిథంల పరిభాషపై అలంకారశాస్త్ర దృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం

అనేక ఊళ్ళను ఒక్కొక్కసారి మాత్రమే తాకుతూ, బయలుదేరిన చోటికి తిరిగి చేరే అతి తక్కువ దూరపు మార్గాన్ని నిర్ణయించడం గణనశాస్త్రంలో ప్రసిద్ధమైన సమస్య. దీనికోసం 1990ల నుంచి వాడుకలో ఉన్న పద్ధతులలో చీమల నడవడి నుంచి ప్రేరణ పొందినవి ముఖ్యమైనవి. 'చీమలు దగ్గరి దారి కనుగొంటాయి' అనే వాక్యం వీటి పరిచయాలలో ఒకచోట పోలికగానూ, మరొకచోట నిరూపణగానూ పనిచేస్తుంది. మొదటి వాడుక న్యాయమైనదని, రెండవది పరీక్షకు నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉపమ, రూపకం, వ్యతిరేకం, అతిశయోక్తి అనే అలంకారాల లక్షణాలను, న్యాయశాస్త్రంలోని ఉపమాన ప్రమాణ పరిమితిని ఇందుకు కొలమానాలుగా స్వీకరిస్తుంది.

కీలక పదాలు: చీమల అల్గోరిథం, మార్గనిర్ణయం, ఉపమ, రూపకం, వ్యతిరేకం, అతిశయోక్తి, ఉపమాన ప్రమాణం, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం

ఉపమేయం, ఉపమానం, సాధారణ ధర్మం, ఉపమావాచకం అనే నాలుగు అంగాలను గుర్తించడం తెలుగు సాహిత్య విద్యార్థి నేర్చుకొనే తొలి పాఠాలలో ఒకటి. ఆ పాఠం సాధారణంగా పద్యం దగ్గరే ఆగిపోతుంది. కాని పోలికలు పద్యాలలోనే ఉండవు. విద్యుత్తు 'ప్రవహిస్తుంది', కంప్యూటరుకు 'వైరస్' సోకుతుంది, అణువులో 'కక్ష్యలు' ఉంటాయి. శాస్త్రం కొత్త విషయాన్ని చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ తెలిసిన వస్తువు నుంచి ఒక మాటను అరువు తెచ్చుకొంటుంది. అరువు మాట తన వెంట ఏయే ధర్మాలను తెచ్చింది, వాటిలో ఏవి కొత్త విషయానికి వర్తిస్తాయి అని అడగడం విమర్శకుని పని.

ఆంట్ కాలనీ ఆప్టిమైజేషన్ అనే పేరుతో ప్రసిద్ధమైన గణన పద్ధతి ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ. ఇక్కడ ఉపమానం ఎక్కడ పుట్టిందో, ఎవరు దానిని స్వీకరించారో, ఎంతవరకు స్వీకరించారో స్పష్టమైన లిఖిత సాక్ష్యం ఉంది. ఒక పోలిక పుట్టుక, ఎదుగుదల, వికారం మూడింటినీ ముప్పై ఏళ్ళ కాలవ్యవధిలో చూడగల అవకాశం ఇది.

2. సమస్య స్వరూపం

గణనశాస్త్రంలో ఈ సమస్యను 'ట్రావెలింగ్ సేల్స్‌మన్' సమస్య అంటారు. ఊళ్ళ సంఖ్య పెరిగేకొద్దీ సాధ్యమయ్యే మార్గాల సంఖ్య ఊహకందని వేగంతో పెరగడమే దీనిలోని కష్టం. రానుపోను దూరాలు సమానమైనప్పుడు 10 ఊళ్ళకు 1,81,440 వేర్వేరు పర్యటనలు సాధ్యం. 15 ఊళ్ళకు ఆ సంఖ్య 4,358 కోట్లు దాటుతుంది. 20 ఊళ్ళకు అది పదిహేడు అంకెల సంఖ్య. అన్నిటినీ లెక్కించి అతి చిన్నదానిని ఎంచుకోవడం ఆచరణలో కుదరదు. అందువల్ల పరిశోధకులు రెండు తోవలు పట్టారు. గణిత సూక్ష్మాలతో మార్గాల రాశిని కుదించి కచ్చితమైన సమాధానాన్ని నిరూపించడం ఒకటి. నిరూపణ లేకపోయినా తక్కువ సమయంలో మంచి సమాధానాన్ని సాధించడం రెండవది. చీమల పద్ధతి ఈ రెండవ తోవకు చెందింది.

3. ఉపమాన మూలం: వంతెన ప్రయోగాలు

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోని శాస్త్రవేత్తలు గాస్, ఆరాన్, డెనూబర్గ్, పాస్టీల్స్ 1989లో అర్జెంటీనా చీమలపై చేసిన ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. చీమల గూడుకూ ఆహారానికీ నడుమ రెండు శాఖలున్న వంతెనను అమర్చారు. ఒక శాఖ రెండవదానికి రెట్టింపు పొడవు. మొదట చీమలు రెండు శాఖలలోనూ తిరిగాయి. కొద్దిసేపటికి ఎక్కువ ప్రయోగాలలో చీమలబారు పొట్టి శాఖకు మళ్ళింది.

దీనికి కారణం ఏ చీమకూ దూరం తెలియడం కాదు. చీమ నడిచినచోట ఫెరోమోన్ అనే వాసన పదార్థాన్ని విడుస్తుంది. వాసన ఎక్కువగా ఉన్న దారిని ఎంచుకొనే మొగ్గు దానికి ఉంటుంది. పొట్టి శాఖలో వెళ్ళిన చీమ ముందుగా తిరిగి వస్తుంది. కనుక ఆ శాఖపై వాసన ముందుగా రెట్టింపవుతుంది. తరువాతి చీమలు అటు మొగ్గుతాయి, వాసన ఇంకా పెరుగుతుంది. కొలత లేదు, నాయకుడు లేడు, ముఖాముఖి సంభాషణ లేదు. నేలపై మిగిలిన గుర్తు తదుపరి పనిని నడిపిస్తుంది. ఇటువంటి పరోక్ష సమన్వయానికి ఫ్రెంచి శాస్త్రవేత్త గ్రాసే 1959లోనే 'స్టిగ్‌మర్జీ' అని పేరు పెట్టాడు. తెలుగులో దీనిని 'చిహ్నప్రేరణ' అనవచ్చు.

పరిచయ రచనలు సాధారణంగా ఇక్కడితో కథ ముగిస్తాయి. కాని అదే ప్రయోగ పరంపరలో మరో రెండు ఫలితాలున్నాయి. రెండు శాఖల పొడవు సమానమైనప్పుడు కూడా చీమలు చివరికి ఏదో ఒక శాఖకే చేరుకొన్నాయి. ఏ శాఖ అన్నది తొలి యాదృచ్ఛిక తేడాలపై ఆధారపడింది. రెండవది ఇంకా ముఖ్యమైనది. మొదట పొడవైన శాఖను మాత్రమే ఇచ్చి, 30 నిమిషాల తరువాత పొట్టి శాఖను చేర్చినప్పుడు, చీమలలో అత్యధికం పాత పొడవైన దారినే వదలలేదు. అప్పటికే పేరుకొన్న వాసన వాటిని కట్టిపడేసింది. అంటే చీమలు దగ్గరి దారిని 'కనుగొంటాయి' అనడం సగం సత్యం. ముందుగా బలపడిన దారిని అవి మరింత బలపరుస్తాయి. ఆ దారి చాలాసార్లు దగ్గరిది కావడం ప్రయోగ పరిస్థితుల ఫలితం.

4. ఉపమ నుంచి రూపకానికి

ఇటలీకి చెందిన మార్కో డొరిగో 1992లో మిలాన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి సమర్పించిన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం ఈ జీవశాస్త్ర పరిశీలనను గణన పద్ధతిగా మలచింది. డొరిగో, మానియెజ్జో, కొలొర్నీ 1996లో ప్రచురించిన వ్యాసం ఆ పద్ధతిని 'ఆంట్ సిస్టమ్' పేరుతో స్థిరపరచింది.

ఇందులో వాస్తవంగా ఉన్నవి రెండే: ఒక అంకెల పట్టిక, ఆ పట్టికను చూస్తూ పర్యటనలను కూర్చే విధానం. ప్రతి ఊళ్ళ జంటకూ పట్టికలో ఒక అంకె ఉంటుంది. ఆ అంకెకు 'ఫెరోమోన్' అని పేరు. పర్యటనను కూర్చే ప్రతి ప్రమాణాంశానికీ 'చీమ' అని పేరు. 'చీమ వంటిది' అనకుండా 'చీమ' అనే అన్నారు. ఉపమేయంపై ఉపమానానికి అభేదాన్ని ఆరోపించడం రూపక లక్షణం కనుక ఇది రూపకమే.

రూపకం లోపల ఏమి జరుగుతుందో చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక 'చీమ' ప్రస్తుతం ఉన్న ఊరి నుంచి ఇంకా చూడవలసిన మూడు ఊళ్ళు 10, 20, 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయనుకొందాం. ఆంట్ సిస్టమ్‌లో ప్రతి ఊరి ఎంపికకూ ఉన్న అవకాశం రెండు రాశుల లబ్ధంపై ఆధారపడుతుంది. ఫెరోమోన్ విలువను ఆల్ఫా ఘాతానికి, దూరపు విలోమాన్ని బీటా ఘాతానికి పెంచి గుణిస్తారు. ఆల్ఫా 1, బీటా 2 అనుకొందాం. ఆరంభంలో అన్ని దారులపైనా ఫెరోమోన్ సమానం. అప్పుడు మూడు ఊళ్ళ బలాబలాలు 16 : 4 : 1 నిష్పత్తిలో ఉంటాయి. అంటే దగ్గరి ఊరికి 76 శాతం, నడిమి ఊరికి 19 శాతం, దూరపు ఊరికి 5 శాతం అవకాశం. తరువాతి ఆవృత్తులలో 20 కిలోమీటర్ల దారి మంచి పర్యటనలలో భాగమై, దాని ఫెరోమోన్ మిగిలిన రెండింటికన్నా మూడు రెట్లయిందనుకొంటే నిష్పత్తి 16 : 12 : 1 అవుతుంది. దగ్గరి ఊరి అవకాశం 55 శాతానికి తగ్గి, నడిమి ఊరిది 41 శాతానికి పెరుగుతుంది.

ఈ లెక్క రెండు విషయాలను బయటపెడుతుంది. మొదటి అడుగులో చీమతనం ఏమీ లేదు. దగ్గరి ఊరికి మొగ్గు చూపమని మనిషి ముందుగా ఇచ్చిన దూరాల పట్టికే అక్కడ నిర్ణేత. రెండవ అడుగులో మాత్రం పోలికకు అసలైన ఆధారం కనిపిస్తుంది. ఇతరులు విడిచిన గుర్తు తదుపరి ఎంపికను మార్చింది. ఉపమకు ప్రాణమైన సాధారణ ధర్మం ఇదే: పర్యావరణంలో మిగిలిన గుర్తు ద్వారా పరోక్ష సమన్వయం, గుర్తు గుర్తును పెంచే పునర్బలనం. ఆ ధర్మం చిన్నదే కాని నిజమైనది. అంకెను పర్యటించేవానిలో కాక దారిపై నిలపాలన్న ఆలోచనకు చీమ కారణమైంది. ఈ ఘనతను కాదనడం చరిత్రకు అన్యాయం.

5. వ్యతిరేకం: ఉపమేయంలోని ఆధిక్యం

ఉపమానం కన్నా ఉపమేయానికి ఆధిక్యం చెప్పడం వ్యతిరేకాలంకారం. ఆంట్ సిస్టమ్ రూపకర్తలు తమ వ్యాసంలోనే ఈ వ్యతిరేకాన్ని నిజాయితీగా ప్రకటించారు. కృత్రిమ చీమలకు కొంత జ్ఞాపకశక్తి ఉంటుందని, అవి పూర్తిగా గుడ్డివి కావని, వాటి లోకంలో కాలం అంచెలంచెలుగా నడుస్తుందని వారు స్పష్టం చేశారు. ఈ భేదాలను విడివిడిగా పరిశీలిస్తే పద్ధతి ఫలితాలకు అసలు కారణాలేవో తేలుతుంది.

మొదటిది జ్ఞాపకం. కృత్రిమ చీమ చూసిన ఊళ్ళ జాబితాను వెంట ఉంచుకొంటుంది. అది లేకపోతే ప్రతి ఊరినీ ఒక్కసారే తాకాలన్న నియమమే నెరవేరదు. రెండవది కొలత. నిజమైన చీమ నడుస్తూనే వాసన విడుస్తుంది. పొట్టి దారికి లాభం కలిగేది కాలం వల్ల. కృత్రిమ చీమ పర్యటన పూర్తి చేసి, మొత్తం దూరాన్ని లెక్కించి, ఆ దూరానికి విలోమంగా అంకెను చేరుస్తుంది. ప్రకృతిలో అప్రయత్నంగా జరిగిన మూల్యాంకనం ఇక్కడ బుద్ధిపూర్వకం. మూడవది ఆవిరి. 30 నిమిషాల ప్రయోగంలో వాసన తగినంతగా ఆరకపోవడం వల్లనే చీమలు పాత దారికి చిక్కుకొన్నాయి. అల్గోరిథంలో ప్రతి ఆవృత్తికీ పాత అంకెను కొంత శాతం తగ్గిస్తారు. అంటే చీమ ఓడిన చోట మనిషి దిద్దుబాటు చేశాడు.

తరువాతి రూపాలలో ఈ దూరం ఇంకా పెరిగింది. డొరిగో, గాంబర్డెల్లా 1997లో ప్రకటించిన రూపంలోనూ, స్టూట్స్‌లే, హూస్ 2000లో ప్రకటించిన 'మాక్స్–మిన్' రూపంలోనూ ఆవృత్తి ముగిశాక ఫెరోమోన్ చేర్చే అర్హత ఉత్తమ పర్యటనకే దక్కుతుంది. మాక్స్–మిన్‌లో అంకెకు గరిష్ఠ, కనిష్ఠ హద్దులు విధించారు. దారిలో రెండు మూడు రహదారులను విడదీసి వేరుగా కలిపి చూసే స్థానిక సవరణను కూడా జోడించారు. వీటిలో ఏదీ పుట్టలోని చీమ చేసేది కాదు. అన్నిటికన్నా మౌలికమైన భేదం మరొకటి ఉంది. గూడు నుంచి ఆహారానికి దగ్గరి దారి అన్నది రెండు బిందువుల నడుమ సమస్య. దానికి డైక్‌స్ట్రా 1959లో ప్రకటించిన కచ్చితమైన, వేగవంతమైన పద్ధతి ఉంది. అన్ని ఊళ్ళనూ చుట్టి రావడం వేరే కోవకు చెందిన కఠిన సమస్య. చీమ దానిని ఎన్నడూ ఎదుర్కోలేదు. సులభమైన సమస్యను సాధించే ప్రాణిని కఠినమైన సమస్యకు సాక్షిగా పిలవడం ఈ రూపకంలో దాగిన జారుడుమెట్టు.

6. ఉపమానం ప్రమాణమయ్యే హద్దు

నైయాయికులు ప్రత్యక్ష, అనుమాన, శబ్దాలతోపాటు ఉపమానాన్ని కూడా ప్రమాణంగా అంగీకరించారు. ఈ అంగీకారాన్ని చూపి పోలికకు నిరూపణశక్తి ఉందని వాదించవచ్చు. కాని ఆ శాస్త్రమే హద్దు గీసింది. ఆవు వంటిది గవయమని విన్నవాడు అడవిలో గవయాన్ని చూసి 'ఇదే గవయ శబ్దవాచ్యం' అని తెలుసుకొంటాడు. అన్నంభట్టు తర్కసంగ్రహం ప్రకారం ఉపమితి అంటే సంజ్ఞకూ సంజ్ఞికీ ఉన్న సంబంధాన్ని తెలుసుకోవడం మాత్రమే. ఆవు పాలిస్తుంది కనుక గవయమూ అంత పాలిస్తుందని ఉపమానం చెప్పదు. అలాగే చీమ పోలిక అల్గోరిథాన్ని గుర్తుపట్టడానికీ బోధించడానికీ చాలును. దాని సామర్థ్యాన్ని సాధించడానికి చాలదు.

సామర్థ్యానికి సాక్ష్యం రెండు వైపుల నుంచి రావాలి. ఒకటి గణితం. గుట్యార్ 2000లో చీమల పద్ధతికి చెందిన ఒక రూపం తగిన నియమాల కింద ఉత్తమ మార్గానికి చేరుతుందని నిరూపించాడు. ఆ నిరూపణలో ఆధారం సంభావ్యతా గణితం, చీమ కాదు. అది అనంతకాలంలో జరిగే చేరికనే చెబుతుంది, వేగాన్ని కాదు. రెండవది ప్రయోగం. తొలి ఆంట్ సిస్టమ్ 30 ఊళ్ళ వంటి చిన్న సమస్యలలో ఆశ కలిగించింది, పెద్దవాటిలో వెనుకబడింది. తరువాతి సవరణలన్నీ ఆ వెనుకబాటు నుంచే పుట్టాయి. మరోవైపు ఏ ప్రాణి పేరూ లేని కచ్చితమైన గణిత పద్ధతులు 1954లో 49 నగరాల సమస్యతో మొదలై, 2006 నాటికి 85,900 బిందువుల సమస్యకు ఉత్తమ మార్గాన్ని నిరూపణతో సహా ఇచ్చాయి.

ఇంతమాత్రాన చీమల పద్ధతి నిరుపయోగం కాదు. ప్రతి దుకాణానికీ సరుకు చేరవలసిన వేళ, ప్రతి లారీకీ మోయగల బరువు వంటి నిబంధనలు కలిసినప్పుడు అది రాణించింది. గాంబర్డెల్లా, టాయార్, అగాజీ 1999లో ప్రకటించిన రూపంలో రెండు కృత్రిమ గూళ్ళు ఉంటాయి. ఒకటి వాహనాల సంఖ్యను, మరొకటి ప్రయాణ దూరాన్ని తగ్గిస్తుంది. స్విట్జర్లాండులోని ఒక సూపర్‌మార్కెట్ గొలుసు సరుకు రవాణాకు చీమల పద్ధతిని వాడిన వివరాలు 2007లో వెలువడ్డాయి. ఈ గెలుపులకు సాక్ష్యం ఆ లారీల లెక్కలే.

7. అతిశయోక్తి: ఉపమానం ఉపమేయాన్ని మింగినప్పుడు

రూపకంలో ఉపమేయం ఇంకా కనిపిస్తుంది. అతిశయోక్తిలో ఉపమానం దానిని మింగివేస్తుంది. శాస్త్రకారులు దీనిని నిగీర్యాధ్యవసానం అన్నారు. కావ్యంలో ఇది శోభ. శాస్త్రంలో ఇది మరుగు. చీమల పద్ధతి పేరు పొందాక తేనెటీగలు, తోడేళ్ళు, గబ్బిలాలు, నీటిబిందువులు, సంగీతకారులు మొదలైన ఉపమానాలతో పద్ధతులు వరుసగా వెలిశాయి. పేరు కొత్తదైతే పద్ధతీ కొత్తదేనన్న భ్రమ ఏర్పడింది.

విమర్శ ఈ మరుగును తొలగించింది. వాద్యకారుల స్వరమేళన రూపకంతో వచ్చిన 'హార్మొనీ సెర్చ్' 1960ల నాటి పరిణామ వ్యూహాలలో ఒక ప్రత్యేక సందర్భమేనని వైలాండ్ 2010లో చూపాడు. బెల్జియం పరిశోధకుడు సోరెన్సెన్ 2015లో ఈ రూపకాల వ్యాప్తినే విమర్శావస్తువుగా చేసుకొన్నాడు. 'తెలివైన నీటిబిందువులు' అనే పద్ధతిలోని పదజాలాన్ని తొలగించి చూస్తే మిగిలేది చీమల పద్ధతేనని కామాచో-వియలోన్, డొరిగో, స్టూట్స్‌లే 2019లో నిరూపించారు. 2022లో ఇటువంటి రూపకాల వెల్లువను అరికట్టాలని వెలువడిన బహిరంగ పిలుపు రచయితలలో డొరిగో కూడా ఉన్నాడు. ఈ విషయం ప్రత్యేకంగా గమనించదగినది. ఈ రంగంలో ఉపమానాన్ని ప్రసిద్ధికి తెచ్చినవారిలో ముఖ్యుడే దాని దుర్వినియోగాన్ని ఖండించాడు. తొలి వ్యాసంలో వ్యతిరేకాన్ని ప్రకటించిన నిజాయితీకి ఇది కొనసాగింపు.

నీటిబిందువుల పద్ధతిపై జరిగిన విమర్శ తీరు సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. పద్యాన్ని అన్వయించి, అలంకారాన్ని విప్పి, మిగిలిన అర్థాన్ని పూర్వకవి భావంతో పోల్చి చూడడం వంటిదే అది. కొత్త వర్ణనను, కొత్త భావాన్ని వేరుచేయగల శిక్షణ తెలుగు శాఖలలో ఉంది. ఆ శిక్షణకు సాహిత్యేతర గ్రంథాలలోనూ పని ఉంది.

8. తెలుగు పరిభాషకు వర్తింపు

చీమలకు సంబంధించి తెలుగు వ్యవహారంలో ముందే కొన్ని రూపకాలు స్థిరపడి ఉన్నాయి. వాటిని గమనించక చేసిన అనువాదం పొరపాటు అర్థాలను మోసుకొస్తుంది. పుట్టను చీమలు పెడతాయని తెలుగు కవిత్వం చెబుతుంది. పాములు చేరే ఆ మట్టి పుట్టను కట్టేవి చెదపురుగులు. జీవశాస్త్ర వర్గీకరణలో అవి చీమలకు కాక బొద్దింకలకు దగ్గరివి. గ్రాసే చిహ్నప్రేరణను గుర్తించింది ఈ చెదపురుగుల పుట్టలలోనే. కనుక తెలుగులో ఈ విషయం రాసేవారు పుట్టకూ చీమలబారుకూ ఉన్న భేదాన్ని పాటించవలసి ఉంటుంది. మరోవైపు 'చీమలబారు' అనే పలుకుబడిలో వరుస, అనుసరణ రెండూ ముందే ఇమిడి ఉన్నాయి. 'చీమల కాలనీ' కన్నా 'చీమలబారు పద్ధతి' సాధారణ ధర్మాన్ని సూటిగా చూపుతుంది.

సుమతీశతకంలో చీమలు రెండు తీరులుగా కనిపిస్తాయి. ఒకచోట అవి బలమైన పామును చంపగల సమూహం. మరొకచోట తాము పెట్టిన పుట్టను పాములకు కోల్పోయే శ్రమజీవులు. అల్గోరిథంల పరిచయాలు మొదటి చిత్రాన్నే తలపిస్తాయి. రెండవ చిత్రం వేరే ప్రశ్నను లేవనెత్తుతుంది. నిజమైన చీమ తన గూటికోసం దారి వెతుకుతుంది. కృత్రిమ చీమకు గూడు లేదు; దేనిని తగ్గించాలో బయటివారు నిర్ణయిస్తారు. దూరం తగ్గించమంటే దూరం, వాహనాలు తగ్గించమంటే వాహనాలు. లారీ నడిపేవాని విశ్రాంతి సమయాన్ని లెక్కలో చేర్చకపోతే ఎంత ఫెరోమోన్ పోసినా అది సమాధానంలోకి రాదు. ప్రకృతి పేరు పెట్టడంవల్ల మనిషి చేసిన ఎంపిక ప్రకృతి నియమంగా కనిపించే ప్రమాదం ఇక్కడ ఉంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. చీమల పద్ధతిలో ఉపమానానికీ ఉపమేయానికీ ఉన్న సాధారణ ధర్మం పరోక్ష సమన్వయం, పునర్బలనం అనే రెండింటికి పరిమితం. ఆ మేరకు పోలిక సార్థకం, సృజనాత్మకం.

2. జ్ఞాపకం, దూరపు పరిజ్ఞానం, మొత్తం పర్యటన మూల్యాంకనం, నియంత్రిత ఆవిరి, స్థానిక సవరణ అనేవి వ్యతిరేక ధర్మాలు. పద్ధతి ఫలితాలలో అధిక భాగం వీటికే చెందుతుంది.

3. ఉపమానం సంజ్ఞను తెలుపుతుంది, సామర్థ్యాన్ని సాధించదు. సామర్థ్యానికి గణిత నిరూపణ, తులనాత్మక ప్రయోగం మాత్రమే ప్రమాణాలు.

4. రూపకం అతిశయోక్తిగా మారినచోట పాత పద్ధతులు కొత్త పేర్లతో చెలామణి అవుతాయి. రూపకాన్ని విప్పి చెప్పిన తరువాత మిగిలేదే పరిశోధన ఫలితం.

5. తెలుగులో శాస్త్ర విషయాలు రాసేవారు పోలికను వాడిన ప్రతిచోటా సాధారణ ధర్మాన్ని, వ్యతిరేక ధర్మాన్ని విడిగా పేర్కొనడం అవసరం.

దారి చూపినందుకు చీమకు కృతజ్ఞత చెప్పవచ్చు. ఆ దారి ఎంత దూరమో కొలవవలసిన బాధ్యత మాత్రం మనిషిదే.